లేనా పంతులుగారు

మా ఆయనకి రష్యా అంటే ప్రాణం. రష్యా అంటే మాస్కో కాదు, ఎర్రజెండా అంతకన్నా కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి. ఎందుకంటే బందరులో మేము అద్దెకున్న ఇంటివాళ్ళు మమ్మల్ని పార్టీవాళ్ళమనుకుని, ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా మా వాటా వైపు చూసి గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. ఆయనకి ఏ పార్టీ లేదు. ఆయనకి ఉన్నదల్లా యాకూతియా.

అదెక్కడుందో నేను కళ్ళు మూసుకుని చూపించగలను. మ్యాపులో రష్యా పై భాగాన, కుడివైపు, ఏ పంతులూ బెత్తం ఆనించని చోట. పెళ్ళయిన కొత్తలో మిగతా ఆడపిల్లలు మొగుడికి ఏ కూర ఇష్టమో నేర్చుకుంటారు. నేను యాకూతియాలో పాలు గడ్డకట్టించి బిళ్ళలుగా అమ్ముతారని నేర్చుకున్నాను. ఇళ్ళన్నీ గుంజల మీద కడతారనీ, లేకపోతే ఇంట్లో పొయ్యి వేడికి కింద గడ్డకట్టిన నేల కరిగి ఇల్లు ఒరిగిపోతుందనీ నేర్చుకున్నాను. మాది నందివాడ. బుడమేరు పొంగితే మాకూ ఇల్లు ఒరుగుతుంది గానీ, దాని గురించి ఎవరూ రంగురంగుల బొమ్మలు వేసి పుస్తకాలు పంచలేదు.

పుస్తకాలు ఇచ్చింది జీవానందం మాస్టారు. మా ఆయన పనిచేసే స్కూల్లోనే డ్రాయింగు చెప్పేవారు. వాళ్ళింటికి రష్యా బొమ్మల పత్రిక తెలుగులో వచ్చేది. నున్నటి కాగితం. అందరిళ్ళలోనూ అది పిల్లల పుస్తకాలకి అట్టలు వేయడానికే పనికొచ్చేది. మాస్టారు బొమ్మలు చూసి మా ఆయనకి ఇచ్చేవారు. ఈయన అక్షరం వదలకుండా చదివి, భోజనాల వేళ నాకు వడ్డించేవారు.

ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపి, దూరంగా చూస్తూ "లేనా" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. పొద్దుటినుంచీ పొయ్యి ముందు కూర్చుని వండితే, నేను ఆయన్ని పట్టించుకోలేదని నిష్ఠూరమాడుతున్నారు కాబోలనుకున్నాను. "ఎందుకు లేరండీ! పీట నిండా ఉన్నారు. చారు పోయనా?" అన్నాను.

"అది కాదు మంగా, లేనా! నది పేరు."

నది పేరట. మన కృష్ణకి మూడింతల పొడవట. యాకూతియా మధ్యలోంచి వెళ్తుంది. రైలు లేదు, రోడ్డు లేదు, ఆ నదే వాళ్ళకి సమస్తం. ఎండాకాలం ఓడలు తిరుగుతాయి. చలికాలం వచ్చేసరికి నది గడ్డకట్టి రాయి అయిపోతుంది. అప్పుడు దాని మీద లారీలు వెళ్తాయి. అడవి మధ్య ఎక్కడో నేలలో వజ్రాలు దొరికాయట, అక్కడ కొత్తగా ఊరు కడుతున్నారట. పెద్ద పెద్ద యంత్రాలు ఆ ఊరు చేరాలంటే చలికాలం రావాల్సిందే. లారీవాళ్ళు రాత్రంతా ఇంజను ఆపరు, ఆపితే మళ్ళీ వేసవి దాకా కదలదు. మంచు మీద వెళ్ళేటప్పుడు తలుపు తీసి ఉంచుకుని నడుపుతారు, విరిగితే దూకేయడానికి.

"మరి గట్టిపడిందో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "ముందు ఒక మనిషి నడిచి వెళ్తాడు మంగా. గునపంతో కొట్టి చూస్తాడు. గట్టిపడింది అని చెయ్యి ఊపుతాడు. అప్పుడు లారీ దిగుతుంది."

"ఆ మనిషి మునిగిపోతే?"

దానికి పత్రికలో జవాబు లేదు కాబోలు, మజ్జిగ పొయ్యమన్నారు.

ఇంతటి మనిషికి నీళ్ళంటే చచ్చేంత భయం. నవ్వకండి, నేను చాలినంత నవ్వాను. చిన్నప్పుడు హంసలదీవి తీర్థానికి పడవలో వెళ్తూ నీళ్ళలో పడ్డారు. మేనమామ పిలక పట్టుకుని పైకి లాగాడు. అప్పటినుంచీ పడవ ఎక్కలేదు. నూతిలోకి తొంగి చూడరు, నీళ్ళు నేనే తోడాలి. సముద్రం ఉన్న ఊళ్ళో అన్నేళ్ళు కాపురం చేసి ఒక్కసారి సముద్రం చూపించలేదు నాకు. ఇప్పుడా పిలకా లేదు, అది ఉండాల్సిన చోట జుట్టే లేదు. పడితే ఏది పట్టుకుని లాగుతారన్నది ఆయన అసలు బెంగ.

స్కూల్లో కూడా లేనా ఆయన్ని ఊరికే వదల్లేదు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి ఏసుబాబు అనే కుర్రాణ్ణి లేపి, ఏదైనా పెద్ద నది పేరు చెప్పమన్నారు. వాడు చేతులు కట్టుకుని "లేనా అండీ" అన్నాడు. "ఉన్నావులే, కనిపిస్తూనే ఉన్నావు. నది పేరు చెప్పు" అన్నారు ఇన్‌స్పెక్టరు. "లేనా అండీ!" అని వాడు ఇంకా గట్టిగా అన్నాడు. వాడు ఎకసక్కెం ఆడుతున్నాడని ఇన్‌స్పెక్టరు మండిపడ్డారు. మా ఆయన లేచి మ్యాపు దగ్గరికి వెళ్ళి చూపించేసరికి, అది సిలబసులో లేదని మరీ మండిపడ్డారు. ఆ సాయంత్రమే హెడ్మాస్టరు పిలిచి, "గోపాలకృష్ణమూర్తిగారూ, మన క్లాసుల్లో గోదావరి దాటి పైకి వెళ్ళకండి" అని ఖరాఖండిగా చెప్పేశారు.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. "నాకంటూ ఒక బడి ఉంటే" అన్నారు, అంతే. ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను ఎన్ని వేళాకోళాలాడినా అది నా హక్కు. ఇంకొకళ్ళు ఆయన నోరు మూయిస్తే నాకు పడదు.

తర్వాతి ఏడాది ఆయనకి ప్రమోషన్ వచ్చింది. హెడ్మాస్టరు ఉద్యోగం. కొత్తగా పెట్టిన మిడిల్ స్కూలు, ఆయనకంటూ ఒక బడి. ఆర్డరు చేతిలో పట్టుకుని గుమ్మంలో నుంచున్నారు, సంతోషమో ఏడుపో తెలియని ముఖం పెట్టుకుని.

"ఎక్కడండీ?"

"దివిసీమలో. ఈతలంక."

నాకు నవ్వు ఆగలేదు. ఈత రాని మనిషిని ఈతలంకకి వేశారు. అవనిగడ్డ దాకా బస్సు, అక్కడినుంచి బండి మీద రేవుకి, రేవులో పడవెక్కి కృష్ణ పాయ దాటితే లంక. చుట్టూ నీళ్ళే. ఆ వారంలోగా వెళ్ళి చేరాలి. చేరకపోతే ఆ ఉద్యోగం వరసలో తర్వాతున్న శేషగిరిగారికి వెళ్తుంది. శేషగిరిగారు వరద కాలవకి ఎదురీదే మనిషి.

మొదటిసారి ఒక్కరే బయల్దేరారు. కొబ్బరికాయ కొట్టి మరీ పంపించాను. చీకటి పడే వేళకి తిరిగొచ్చేశారు.

"చేరారా?"

"సముద్రం పోటు మీద ఉంది మంగా. నీళ్ళు వెనక్కి ఎక్కుతున్నాయి. అలాంటప్పుడు దాటడం మంచిది కాదు."

"అందరూ దాటారా?"

"అందరి సంగతి మనకెందుకు?"

ఒకరోజు ఆగి మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. ఈసారి పోటు లేదట, గాలి ఉందట. చెప్పులు విప్పుకుంటూ నాకు యాకూతియా గురించి చెప్పబోయారు. అక్కడ శరదృతువులో కొన్నాళ్ళు, వసంతంలో కొన్నాళ్ళు నది మీద ఓడా వెళ్ళదట, లారీ వెళ్ళదట. సగం నీళ్ళూ సగం మంచూ. అప్పుడు బుద్ధి ఉన్నవాడెవడూ కదలడట.

"మీరు ఆ ఋతువులోనే పుట్టినట్టున్నారు" అన్నాను.

అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను గానీ, గుమ్మంలోంచి చూస్తే ఆయన అలాగే కూర్చుని ఉన్నారు, ఒక చెప్పు కాలికీ ఒక చెప్పు చేతిలోనూ. మూలన, కొత్త బడి గోడకి కట్టాలని ఆయన జీవానందం మాస్టారి చేత గీయించుకున్న ప్రపంచపటం చుట్టి నిలబెట్టి ఉంది. రష్యా మొత్తం, ఆ పై కుడి మూలతో సహా, ఉన్నంత పెద్దదిగా గీయించారు. లేనాకి నీలిరంగు వెయ్యనివ్వలేదు, తెల్లగా వదిలేయమన్నారు. అది చూస్తుంటే నాకు అప్పటిదాకా తట్టని సంగతి తట్టింది. ఈయనకి వజ్రాలూ అక్కర్లేదు, లారీలూ అక్కర్లేదు. కాలు పెడితే మునగని నది ఒకటి ఈ భూమి మీద ఎక్కడో ఉందని తెలియడం కావాలి. పిలక పట్టి పైకి లాగిన ఆ పిల్లాడికి ఎవరో ఒకరు ఆ మాట చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే పత్రిక చెప్పింది. ఇన్నాళ్ళూ నేను దాన్ని చూసి నవ్వాను. ఆ సాయంత్రం మాత్రం నాకు నవ్వు రాలేదు.

గడువు చివరి రోజు పొద్దున్నే నేనూ చీర మార్చుకుని వాకిట్లోకి వచ్చాను.

"నువ్వెందుకు?"

"హెడ్మాస్టరుగారి భార్యని. ఊరు చూసుకోవద్దూ?"

పటం ఆయన పట్టుకున్నారు, బట్టల పెట్టె నేను పట్టుకున్నాను. బస్సులో చల్లపల్లి దాకా బాగానే మాట్లాడారు. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటించే అక్విడెక్టు మీద బస్సు వెళ్తున్నంతసేపూ కళ్ళు మూసుకున్నారు. అవనిగడ్డ దాటి బండెక్కాక అసలు మాట్లాడలేదు. మాట్లాడని మా ఆయన్ని అంతకుముందు నేను చూడలేదు.

రేవులో మమ్మల్ని చూడగానే గట్టు మీద కూర్చున్నవాళ్ళందరూ లేచారు. "లేనా పంతులుగారొచ్చారు! లేనా పంతులుగారొచ్చారు!" అని ఒకటే సందడి. నేను తెల్లబోయాను.

పడవ నడిపే కృపావరం గడ కిందపెట్టి ఎదురొచ్చాడు. నల్లగా, ఎత్తుగా, నవ్వు ముఖం. "దండాలయ్యగారూ. ఇయ్యాల పోటూ లేదు, గాలీ లేదు. నేనే పొద్దున్నించీ చూస్తన్నాను, మీరొస్తే ఏం చెబుతారా అని."

అప్పటికి నాకు అర్థమైంది. పోటనీ గాలనీ తిరిగొచ్చిన ఆ రెండు రోజులూ ఈయన గట్టు మీద కూర్చుని, పడవ కోసం వచ్చిపోయేవాళ్ళందరికీ యాకూతియా చెప్పారు. పడవ నాలుగుసార్లు వెళ్ళొచ్చినా ఈయన ఎక్కలేదు గానీ, ఎక్కాల్సినవాళ్ళు మాత్రం కొందరు కథ మధ్యలో లేవలేక ఉండిపోయారట.

"అమ్మగారూ," అని ధనమ్మ నా చెయ్యి పట్టుకుంది. లంకనుంచి అవనిగడ్డకి పాలు తీసుకెళ్ళి అమ్ముతుంది, ఖాళీ బిందెలతో తిరిగి వెళ్తోంది. "అక్కడ పాలు బిళ్ళలు కట్టి అమ్ముతారంట గదా, నిజమేనా అండీ?"

"నిజమేనట."

"అయితే నీళ్ళు కలపడానికి వీలుండదు గదండీ, పాపం!"

అందరూ పకపకా నవ్వారు. కృపావరం అందుకున్నాడు. "పడవలోళ్ళందరూ చలికాలం లారీ తోలతారని చెప్పారండీ పంతులుగారు. మా ఆవిడ అప్పట్నించీ నన్ను లారీ నేర్చుకోమంటంది. ముందు కిష్ణ గడ్డకట్టనియ్యవే అంటన్నాను."

మా ఆయన కూడా కొంచెం నవ్వారు. ఆ నవ్వు చూసి, పని అయిపోయిందనుకున్నాను. ధనమ్మ ఎక్కింది, బిందెలు ఎక్కాయి, మిగతావాళ్ళు ఎక్కారు. నేను పెట్టె అందించి ఎక్కి కూర్చున్నాను. నందివాడ పిల్లని, పడవంటే నాకు లెక్కలేదు. ఇక ఆయనొక్కరే.

ఆయన పడవెక్కడానికి వేసిన బల్ల అంచుదాకా వచ్చారు. పటాన్ని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నారు. బల్లకీ పడవకీ మధ్య జానెడు నీళ్ళు ఆడుతున్నాయి. వాటికేసి చూశారు. కాలు ఎత్తారు, దించారు. మళ్ళీ ఎత్తారు. చెమట చెవుల మీదుగా కారుతోంది. పడవలో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంతమందీ తల తిప్పుకుని ఒకళ్ళు ఆకాశం, ఒకళ్ళు గట్టు చూడటం మొదలుపెట్టారు. ఎంత మంచివాళ్ళో, అప్పుడు మాత్రం ఎవరూ వేళాకోళం ఆడలేదు.

"మంగా," అన్నారు మెల్లగా. "దిగిరా. వెళ్ళిపోదాం. శేషగిరికే ఇమ్మందాం."

"శేషగిరిగారికి లేనా తెలుసా?"

ఆయన పటాన్ని ఇంకా గట్టిగా హత్తుకున్నారు.

"ఆ పటం ఎవరు కడతారు గోడకి?"

"నా వల్ల కాదు మంగా. పడితే ఎవరున్నారు పట్టుకోడానికి? అప్పుడు మావయ్య ఉన్నాడు."

"నేను లేనా?" అన్నాను.

నిజం చెప్తున్నాను, నది మాట నా మనసులోనే లేదు. ఇంట్లో ఏ ఆడదైనా అనే మాటే అన్నాను. జ్వరమొస్తే అంటాం, అప్పులవాడొస్తే అంటాం. నోటికొచ్చేసింది. అన్నాక గానీ ఏమన్నానో నాకే వినిపించలేదు. కృపావరం గడ మీద గడ్డం ఆనించి "లేనా అంట!" అని గొణిగాడు. ధనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా ఆయన మాత్రం నవ్వలేదు. నీళ్ళమీంచి చూపు ఎత్తి నాకేసి చూశారు. పెళ్ళిలో తెర దించినప్పుడు కూడా ఆయన నన్నంతసేపు చూడలేదు. చూసి చూసి, పిల్లాడు అడిగినట్టు అడిగారు.

"గట్టిపడిందా?"

ఇన్నేళ్ళుగా ఆ మనిషి మీద ఇంత ప్రేమ నాలో ఎక్కడ దాక్కుని ఉందో నాకు తెలియదు. నేను లేచి పడవ చివరికి వెళ్ళి నుంచున్నాను. కాలితో చెక్క మీద ఒక్క తన్ను తన్నాను, గునపంతో కొట్టినట్టు. పడవ ఊగింది. కృపావరం "అమ్మగారూ!" అన్నాడు. నేను చెయ్యి ఊపాను.

"గట్టిపడింది. రండి."

ఆయన కాలు పెట్టారు.

పెట్టారంటే ఒక కాలే పెట్టారు. రెండోది బల్ల మీదే ఉంది. "తలుపు వేసి కూర్చోండి" అన్నాను. అప్పుడు అందరూ ఒక్కసారిగా నవ్వారు, వాళ్ళకి తలుపు సంగతి కూడా తెలుసు మరి. ఆ నవ్వులో రెండో కాలూ వచ్చేసింది. నా పక్కన కూలబడి నా ముంజెయ్యి పట్టుకున్నారు. కృపావరం గడ వేశాడు.

పాయ మధ్యకి వెళ్ళాక నా గాజులు రెండు చిట్లాయి. నేను ఏమీ అనలేదు. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, వణికే గొంతుతో, ధనమ్మకి చెప్తున్నారు. వేసవిలో ఆ నది మీద ఎంత పెద్ద ఓడలు వెళ్తాయో, ఏ రేవునుంచి ఏ రేవుకి ఏం మోసుకెళ్తాయో. ధనమ్మ ఊఁ కొడుతోంది. మధ్యమధ్యలో ఆయన కథ ఆపి "మంగా?" అంటున్నారు. నేను "ఉన్నాను" అంటున్నాను. మళ్ళీ కథ సాగుతోంది.

అవతలి ఒడ్డున ఇసకలో దిగాక కళ్ళు తెరిచారు. వెనక్కి తిరిగి పాయంతా ఒకసారి చూశారు. పటం తడిసిందేమోనని తడిమి చూసుకున్నారు. తర్వాత పంచె సర్దుకుని, ఏమీ జరగనట్టు హెడ్మాస్టరు గొంతుతో అన్నారు.

"చూశావా మంగా, లారీ వచ్చేసింది."

"వచ్చింది లెండి," అన్నాను. "ఇంజను మాత్రం ఆపకండి. బడి ఇంకా అరమైలు ఉందట."

ఆయన నా చెయ్యి వదల్లేదు.